మీ ఆయన పేరేటమ్మా

అనకాపల్లిలో సగం మంది తుంటి మీద సంతకం చేసిన మనిషి పోయిన ఆదివారం కన్నుమూసింది. మిగతా సగం మందికి జబ్బ మీద చేసింది. ఇందులో అతిశయోక్తి ఉందని ఎవరికైనా అనుమానముంటే బెల్లం మార్కెట్‌కి వెళ్ళి, దిమ్మలు మోసే కలాసీలను వరసగా నిలబెట్టి అడగొచ్చు. సిస్టరమ్మ చేత సూది వేయించుకోలేదన్నవాడు ఒక్కడు దొరికినా నేను కలం కింద పెట్టేస్తాను.

ఆవిడ అసలు పేరు నాకు తెలియదు. సమాధి దగ్గర పాస్టరు గారు చదివారు గానీ, సరిగ్గా ఆ మాట దగ్గరే మైకు కుయ్యిమంది. పక్కవాళ్ళని అడగొచ్చు. అడగలేదు. ఊరందరి పేర్లూ అడిగిన మనిషిని, ఊళ్ళో ఒక్కరమూ తిరిగి అడగలేదన్న సంగతి నాకు అప్పుడే తట్టింది. తట్టాక, ఆవిడ పోయాక అడిగిన మొదటివాణ్ణి నేనవడానికి సిగ్గేసింది.

మనిషి ఐదడుగులుండేది కాదు. తెల్ల చీరకి మాత్రం ఎంత గంజి పెట్టేదంటే, ఆసుపత్రి వార్డులోకి ముందు చీర వచ్చేది, ఆ తర్వాత కొంతసేపటికి ఆవిడ వచ్చేది. గుండెల దగ్గర పిన్నీసుతో ఒక చిన్న గడియారం తల్లకిందులుగా వేలాడేది. మన మణికట్టు పట్టుకుని, ఆ గడియారం వంక చూస్తూ, పెదాలు కదుపుతూ నాడి లెక్కపెట్టేది. ఆ గడియారం ఆగిపోయి చాలా ఏళ్ళయిందనీ, ఆవిడ దాన్ని చూసేది కేవలం రోగి ధైర్యం కోసమేననీ చాలా ఆలస్యంగా తెలిసింది. నాడి మాత్రం ఎప్పుడూ తప్పలేదు. థర్మామీటరు విదిలిస్తే ఆ గాలికి గోడ మీద కేలెండరు రెండు నెలలు ముందుకి తిరిగేది. జ్వరం ఉన్నవాడు ఆ విదిలింపు చూసే సగం భయపడి చల్లబడేవాడు.

ఇక సూది. ఆవిడ సూదిలో మందుతో పాటు ఒక ప్రశ్న కూడా ఎక్కించేది.

ఆడవాళ్ళనైతే, దూదితో తుడుస్తూ, ఏమీ ఎరగనట్టు, "మీ ఆయన పేరేటమ్మా?" అనేది. మా వైపు ఆడవాళ్ళు దేన్నైనా నోటితో అంటారు గానీ, మొగుడి పేరు మాత్రం అనరు. అంటే ఆయన ఆయుష్షు తగ్గుతుందని నమ్మకం. ఒక్కసారి అంటే ఎన్ని రోజులు తగ్గుతుందో ఎవరూ చెప్పలేదు, తెగించి అని చూసినవాళ్ళూ లేరు. అందుకని ఆ ప్రశ్న చెవిన పడగానే ఎంతటి గయ్యాళి అయినా కొంగు సర్దుకుని నేల చూసేది. చూసి తల ఎత్తేలోపు సూది పని అయిపోయేది. సిస్టరమ్మ పక్క మంచం దగ్గరుండేది. మగాళ్ళని పెళ్ళాం పేరు అడిగేది. వాళ్ళకి సిగ్గేమీ ఉండదు గానీ, గుర్తు తెచ్చుకోవడానికి కాస్త టైము పడుతుంది. ఆ టైము చాలు.

పెళ్ళికాని వాళ్ళకి ప్రశ్న వేరు. నాకు ఇరవయ్యారేళ్ళప్పుడు టైఫాయిడ్ వచ్చింది. సిస్టరమ్మ నన్ను పక్కకి తిప్పి, దూది అద్ది, "ఎవుర్ని సేసుకుంటావు నాయినా?" అంది. సూదులంటే నాకు భయం లేదు. ఆ సంగతి నాకు తెలుసు గానీ నా ఒంటికి తెలియదు. ఆ కంగారులో, అప్పటిదాకా నా దిండుకి కూడా చెప్పని ఒక పేరు పైకి అనేశాను. సూది దిగింది. తెర అవతల స్టూలు మీద అమ్మ ఉంది. ఆ పేరు ఇప్పుడు మా వంటింట్లో, రాత పని ఆపి అన్నానికి లేవనందుకు నా మీద కోపంగా గిన్నెలు సర్దుతోంది.

ఈ ప్రశ్నల విద్య ఎక్కడ నేర్చుకున్నావని ఒకసారి అడిగాను. గాజు సిరంజీల కాలంలో నేర్చుకుందట. ఆవిడ ఈ పనిలో చేరిన కొత్తలో సిరంజీలనీ సూదులనీ సొట్టలు పడ్డ అల్యూమినియం గిన్నెలో వేసి కిరసనాయిలు స్టవ్వు మీద మరగపెట్టేవారు. అవే సూదులు, అందరికీ. మొనలు మొద్దుబారితే సాన మీద రుద్దేవారు. "అవి సూదులు కావు నాయినా, గునపాలు. మీ కేకలకి నా సెవులు పోయేలాగున్నాయని ఈ పేర్లడగడం మొదలెట్టేను," అంది.

కొత్తగా వచ్చిందంతా చెడ్డదనే రకం కాదు ఆవిడ. ఒక్కసారి వాడి పారేసే సూది మొదటిసారి చేతికొచ్చిన రోజున దాన్ని కిటికీ వెలుగులో పెట్టి, కంసాలి బంగారం చూసినట్టు చూసిందట. తన చేతి మీదుగా ఎంతమందికి చీము పట్టిందో తలుచుకుని ఆ రోజు ప్రార్థనలో ఏడ్చిందని కూడా చెప్పింది. చెప్పి, ఏడ్చిన సంగతి ఎవరికీ చెప్పొద్దంది. ఇదిగో, చెప్పలేదు. రాశాను.

రెండు వేల సంవత్సరం దాటాక ఆసుపత్రి పెద్ద డాక్టరు గారి చేతుల్లోంచి వాళ్ళబ్బాయి చేతుల్లోకి వచ్చింది. నేల మీద జారే రాయి పరిచారు. రోగంతో వచ్చినవాడు రోగం నయమై, కాలు విరిగి వెళ్ళేవాడు. కౌంటర్లో కంప్యూటరు పెట్టారు. పేరు చెప్తే పాత జబ్బులన్నీ అదే చెప్పేస్తుందన్నారు. నర్సింగు చదివిన అమ్మాయిలు కోట్లు తొడుక్కుని, ఫైళ్ళు గుండెలకి హత్తుకుని తిరగడం మొదలెట్టారు. వాళ్ళ చదువంటే సిస్టరమ్మకి గౌరవం. "నాకు తెలీని మందుల పేర్లు ఆళ్ళకి నిద్దట్లో కూడా వత్తాయి. కానీ ఆ ఫైలు నిండా రాయాల. రాత్తే మనిసిని సూడ్డానికి తీరిక లేదు పాపం," అనేది.

ఆ రోజుల్లోనే కొత్తగా బదిలీ మీద వచ్చిన ఒక ఆఫీసరు గారి భార్యని ఈవిడ అలవాటు ప్రకారం మొగుడి పేరు అడిగింది. ఆవిడ నేల చూడలేదు. డాక్టరు గారి గదిలోకి వెళ్ళి, మీ నర్సు సొంత విషయాలు అడుగుతోందని ఫిర్యాదు చేసింది. మర్నాటికల్లా వార్డు గోడ మీద బోర్డు వెలిసింది: రోగులతో అనవసర సంభాషణ నిషేధం. కుర్ర డాక్టరు సిస్టరమ్మని పిలిచి, పెద్దావిడవు కాబట్టి ఈసారికి ఊరుకున్నాననీ, ఇంకోసారి ఫిర్యాదొస్తే ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోమనీ మర్యాదగానే చెప్పాడు. ఆవిడకి ఇల్లంటూ పెద్దగా లేదు. ఉన్నదల్లా ఈ వార్డే.

అప్పట్నుంచి సిస్టరమ్మ నోరు మూసుకుని సూదులు వేసింది. అనకాపల్లికి సూది నొప్పి అంటే ఏమిటో ఆ నెలలో తెలిసింది. సిస్టరమ్మకి చెయ్యి తప్పిందని ఊరు ఊరంతా అనుకుంది. చెయ్యి తప్పలేదు, మాట తప్పింది.

ఇక మా నాన్న సంగతి. మాకు కె. కోటపాడు దగ్గర కాస్త చెరుకు తోట ఉంది. నరికిన తోటలో నడుస్తుంటే చెరుకు మోడు ఆయన అరికాల్లో దిగింది. పసుపు అద్దుకుని నాలుగు రోజులు ఎవరికీ చెప్పకుండా తిరిగాడు. అయిదో రోజుకి కాలు వాచి, ఏనుగు చూస్తే తన పిల్ల కాలనుకునేలా తయారైంది. ఒళ్ళు కాలిపోతూ, మగతలో, లేని ఎద్దుల్ని అదిలిస్తున్నాడు. ఆటోలో వేసి ఆసుపత్రికి తెచ్చాం. తీరా చూస్తే ఆయన పాత మందు చీటీలున్న సంచి ఇంట్లో మర్చిపోయాం. అమ్మని అక్కడ ఉంచి నేను అదే ఆటోలో వెనక్కి పరిగెత్తాను. తర్వాత జరిగింది నేను చూడలేదు. అమ్మ, ఒక కొత్త నర్సమ్మాయి, సిస్టరమ్మ ముగ్గురూ విడివిడిగా చెప్పిన ముక్కల్ని కలిపి కుడుతున్నాను.

కంప్యూటరు చూసే మనిషి ఆ రోజు రాలేదు. బెజవాడ నుంచి వచ్చి అప్పటికి పదిహేను రోజులైనా కాని నర్సమ్మాయి కౌంటర్లో కూర్చుంది. పేషెంటు పేరు అడిగింది. అమ్మ కొంగు సర్దుకుని, నేల చూసి, "కొండమీద సామి పేరండి," అంది.

మా ఊళ్ళో కొండంటే ఒకటే, సింహాచలం. అక్కడి సామి అప్పన్న. బెజవాడ వైపు కొండమీద సామంటే తిరపతి సామే. ఆ పిల్ల తడుముకోకుండా వెంకటేశ్వరరావు అని కొట్టింది. ఊరు అడిగితే అమ్మ కోటపాడంది. వయసు అరవై అంది. కంప్యూటరు సంబరపడిపోయింది. కోటపాడు నుంచి, అరవయ్యేళ్ళ వెంకటేశ్వరరావు ఒకాయన కిందటి నెలే, అచ్చంగా చెరుకు మోడు గాయంతోనే వచ్చి, పెన్సిలిన్ వేయించుకుని, నవ్వుకుంటూ ఇంటికెళ్ళాడు. ఫైలు బయటికొచ్చింది. కుర్ర డాక్టరు కాలు చూశాడు, ఫైలు చూశాడు, అదే మందు రాశాడు. మందులేవైనా పడవా అని ఫైలుని అడిగాడు గానీ అమ్మని అడగలేదు. కంప్యూటరుకి అంతా తెలుసని విన్న అమ్మ, తనంతట తాను చెప్పలేదు.

ఆ పిల్ల ట్రే పట్టుకుని మంచం దగ్గరకొచ్చి, ఫైలు చూసి, "వెంకటేశ్వరరావు గారూ, ఇంజక్షనండీ," అంది. నాన్న ఎద్దుల్ని తోలుకుంటున్నాడు. అమ్మ ఫ్యాను వంక చూస్తోంది.

పక్క మంచం మీద దుప్పటి మారుస్తున్న సిస్టరమ్మ చేతులు ఆగిపోయాయి. ఆవిడకి ముఖాలు గుర్తుండవు. "నాను సూసింది మీ ముకాలు కాదు కదా నాయినా," అనేది ఎవరైనా నిష్ఠూరమాడితే. కానీ మొగుడి పేరు చెవిన పడ్డప్పుడు ఒక ఆడమనిషి ఎలా ఉంటుందో ఆవిడకి తెలిసినట్టు భూమ్మీద ఇంకెవరికీ తెలియదు. ఆ పేరు ఎవరన్నా సరే, చెయ్యి కొంగు మీదకి వెళ్తుంది, చూపు నేల మీదకి వెళ్తుంది. ఈ మనిషి బస్టాండులో వేరే ఊరి బస్సు పేరు విన్నట్టు విని ఊరుకుంది.

"ఆగు పాపా," అని సిస్టరమ్మ దుప్పటి వదిలేసి వచ్చింది. అనవసర సంభాషణ నిషేధం బోర్డు సరిగ్గా ఆ మంచం నెత్తి మీదే ఉంది. దాని కింద నిలబడి, అమ్మని అడిగింది.

"మీ ఆయన పేరేటమ్మా?"

అమ్మ చెయ్యి కొంగు మీదకి వెళ్ళింది. చూపు నేల మీదకి దిగింది. "కొండమీద సామి పేరండి."

"ఏ కొండ?"

"ఇంకే కొండుంది. మన సింహాచలం."

బెజవాడ పిల్ల సిరంజి వెనక్కి తీసుకుంది. "నేను తిరపతి అనుకున్నానండీ," అంది, వినీ వినబడకుండా.

సింహాచలం అని తేలినంత మాత్రాన పేరు తేలదు. సింహాచలం, సింహాద్రి, అప్పన్న, అప్పలరాజు, అప్పలనాయుడు, నరసింహం, అన్నీ ఆ సామి పేర్లే. మా వైపు బడిలో మేష్టారు ఒరే అప్పడూ అంటే సగం క్లాసు లేచి నిలబడుతుంది. ఏ అప్పడో చెప్పమంది సిస్టరమ్మ. మా అబ్బాయి వత్తన్నాడు, ఆడు సెప్తాడంది అమ్మ. పక్క గదిలోంచి డాక్టరు, ఇంజక్షన్ అయిందా, అక్కడేమిటా కబుర్లని గట్టిగా అడిగాడు. ఇంకోసారి ఫిర్యాదొస్తే ఏమవుతుందో సిస్టరమ్మకి తెలుసు. అయినా కదల్లేదు. అమ్మ గడ్డం పట్టుకుని తల పైకెత్తింది.

"నీ నోట పేరొత్తే ఈయన ఆయుసు తగ్గుద్దని కదమ్మా నీ బయ్యం. ఓ రోజు తగ్గుద్దో, రెండ్రోజులు తగ్గుద్దో. ఎవుడి సూదో ఈయనకి ఎల్తే ఉన్నదంతా ఒక్కసారే పోద్ది. ఏది కావాలో నువ్వే సూసుకో."

నేను సంచి పట్టుకుని మెట్లెక్కి వార్డు గుమ్మంలో అడుగు పెట్టింది సరిగ్గా అప్పుడే.

"అప్పలసామి," అంది అమ్మ. "మా ఆయన పేరు అప్పలసామండి."

ఆ పేరు నేను నా టెన్త్ సర్టిఫికెట్లో చూశాను. రేషను కార్డులో చూశాను. అమ్మ నోట వినడం అదే మొదలు. రెండో తరగతిదాకా మా నాన్న పేరు 'ఇదిగో' అనుకున్నవాణ్ణి నేను. సంచి చేతిలో ఉన్న సంగతి మర్చిపోయి గుమ్మంలోనే నిలబడిపోయాను.

పేరు బయటికొచ్చేసరికి దాని వెనకాల అంతకాలమూ ఆగి ఉన్నదంతా వచ్చేసింది. "పెన్సిలినేత్తే పడదండి ఈయనకి. మా పెళ్ళయిన ఏడాది కోటపాడులో ఏత్తే ఒళ్ళంతా దద్దుర్లు లేసి, ఊపిరాడక, ఇంక లేడని మంచం మీంచి కిందకి దించేసేరండి. నన్నెవరూ అడగలేదండి."

సిస్టరమ్మ ఆ పిల్ల చేతిలోంచి సిరంజి తీసుకుని చెత్తబుట్టలో పడేసింది. తర్వాత ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

డాక్టరు వచ్చాడు. నా సంచిలోంచి, పెన్సిలిన్ పడదన్న మాట కింద ఎర్ర సిరాతో గీత గీసి ఉన్న పాత చీటీ తీసి చూపించాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, మందు మార్చి రాసి, ఆ పిల్ల వైపు తిరిగాడు. మధ్యలో ఐదడుగులైనా లేని తెల్ల చీర అడ్డం నిలబడింది. "తప్పు ఈ పిల్లది కాదు బాబూ," అంది సిస్టరమ్మ. "కొండది."

వారం తిరక్కుండా గోడ మీద బోర్డు మారింది. ఇంజక్షన్ వేసేముందు రోగిని గానీ, వెంట వచ్చినవారిని గానీ విధిగా పేరు అడగవలెను అని రాయించారు. సిస్టరమ్మ ఆ బోర్డు కింద నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి, నాకు చూపించింది. "నానడిగితే వాగుడు. గోడ మీద రాత్తే రూలు."

ఆ తర్వాత ఆవిడా, బెజవాడ పిల్లా ఒకళ్ళకొకళ్ళు మేష్టార్లయ్యారు. టీ వేళ బల్ల మీద కూర్చుని, ఎవరైనా కొండంటే సింహాచలమనీ, తిరపతైతే తిరపతనే అంటారనీ, అమ్మవారి పేరంటే ఈ ఊరి నూకాలమ్మనీ, తొందరపడి పక్క జిల్లా పైడితల్లి రాసెయ్యొద్దనీ ఆవిడ పాఠం చెప్పేది. ఆ పిల్ల ఆవిడకి కంప్యూటరు నేర్పింది. సిస్టరమ్మ ఒకే వేలితో, ఒక్కో అక్షరాన్నీ ముందు దూదితో తుడిచినట్టు తడిమి, తర్వాత పొడిచేది. కంప్యూటరు కూడా కేక పెట్టేది కాదు.

నాన్న కాలు తగ్గింది. కొత్త జబ్బు పట్టుకుంది. "ఇన్నేళ్ళ కాపరంలో మీ అమ్మ నా పేరు ఒక్కసారంటే ఒక్కసారంది. ఆ ఒక్కసారీ నాను మగతలో ఉన్నాను," అని కనిపించిన ప్రతివాడితోనూ మొరపెట్టుకునేవాడు. వినడానికి చెయ్యని ప్రయత్నం లేదు. ఒకసారి పక్కింటి ఫోన్లోంచి మా ఇంటికి ఫోన్ చేసి, గొంతు మార్చి, గ్యాస్ కంపెనీ నుంచి మాట్లాడుతున్నామనీ, కనెక్షన్ ఎవరి పేరు మీదుందో చెప్పమనీ అడిగాడు. అమ్మ ఓపిగ్గా విని, "కూర సల్లారిపోతంది, వచ్చి తినండి," అని పెట్టేసింది. చివరికి సిస్టరమ్మకే విన్నవించుకున్నాడు. ఆవిడ ఆలోచించి, "ఇంకో మోడు దిగ్గొట్టుకో నాయినా. మళ్ళీ అడుగుతాను," అంది.

అమ్మకి మాత్రం కొన్నాళ్ళు భయం ఉండేది. నాన్న దగ్గినప్పుడల్లా ఎన్ని రోజులు తగ్గిందోనని చూసేది. ఏడాది గడిచింది, రెండేళ్ళు గడిచాయి. నాన్న మరింత లావయ్యాడు. అప్పుడు అమ్మ తనే ఒక చట్టం చేసుకుంది. సిస్టరమ్మ అడిగినప్పుడు చెప్పింది లెక్కలోకి రాదట.

సిస్టరమ్మ పని మానేశాక రాంబిల్లి దగ్గర చెల్లెలింటికి వెళ్ళిపోయింది. అక్కణ్ణుంచి ఆదివారం కబురొచ్చింది. అనకాపల్లిలోనే సమాధి చేశారు. అమ్మా, నాన్నా ఇద్దరూ వచ్చారు. ఆ ఎండలో నిలబడ్డందుకు అమ్మకి గురువారానికి జ్వరం తగిలింది.

అదే ఆసుపత్రి. అదే వార్డు. బెజవాడ పిల్ల ఇప్పుడు పిల్ల కాదు, తన కింద నలుగురు పిల్లలున్న పెద్ద సిస్టరు. తనే వచ్చింది. రూలు ప్రకారం అమ్మని పేరు అడిగింది, చేతి పట్టీ మీద చూసుకుంది, ఫైల్లో చూసుకుంది. నాన్న పక్కన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఆమె ఫైలు మూసి పక్కన పెట్టింది. దూదితో అమ్మ జబ్బ తుడుస్తూ, ఏమీ ఎరగనట్టు, "మీ ఆయన పేరేటమ్మా?" అంది.

బెజవాడ నోట మా 'ఏటి' వినేసరికి నేను తలెత్తి చూశాను. అమ్మ చెయ్యి కొంగు మీదకి వెళ్ళలేదు. చూపు నేల మీదకి దిగలేదు. ఆ అమ్మాయి ముఖంలోకి కాసేపు, ఎవరినో వెతుకుతున్నట్టు చూసింది.

"అప్పలసామి," అంది.

సూది దిగింది. నేను గబుక్కున నాన్న వైపు తిరిగాను. ఆయన భుజం మీద తువ్వాలు సర్దుకుని, నేల చూస్తున్నాడు.